రవణమ్మక్క కప్పిన గడ్డి

మొన్న నెల్లూరులో మామిడిపళ్ల దుకాణం ముందు బేరమాడుతుంటే వాన జల్లొకటి కొట్టి పోయింది. బుట్టల్లోంచి తీసి రోడ్డువార పారేసిన వరిగడ్డి తడిసింది. ఆ వాసన తగిలేసరికి చేతిలో పండు చేతిలోనే ఉండిపోయింది. "ఏందక్కా, పండు బాగాలేదా?" అన్నాడు దుకాణదారు. "పండు సంగతి తర్వాత, ఆ గడ్డి ఇస్తావా?" అన్నాను. అతను నన్ను ఎగాదిగా చూశాడు. ఆ చూపు నాకు బాగా తెలుసు. ఒకప్పుడు నేనూ రవణమ్మక్కను అట్లాగే చూశాను.

ఇందుకూరుపేట దాటి మైపాడు పోయే దారిలో మా అత్తగారి ఊరు. మా పక్కిల్లే రవణమ్మక్కది. ఆమె మొగుడు సుబ్బయ్య సముద్రంలో వేటకు పోయేవాడు. వేట లేని రోజుల్లో కూడా ఆ ఇంట్లో పొయ్యి వెలిగిందంటే ఇంటి వెనక దొడ్డి పుణ్యమే. ఉత్త ఇసకనేల. అందులో వంగ, మిరప, గోంగూర పెంచి గంపకెత్తుకుని ఊళ్లో అమ్మేది. నేను కాపురానికి వెళ్లిన కొత్తలో ఒక మధ్యాహ్నం దడి మీదుగా చూద్దును కదా, బంగారంలాంటి గడ్డిని తెచ్చి మొక్కల మధ్య మందంగా పరిచేస్తోంది. మా అత్తగారింట్లో గడ్డంటే బర్రెల తిండి. ఒక పరక కింద పడితే తీసి గడ్డివామి మీద వేసేవాళ్లు. నాకు మతిపోయింది. "అదేంటక్కా, బర్రెలు తినే గడ్డిని మట్టిపాలు చేస్తున్నావు?" అని అడిగేశాను. "బర్రెకేనా మే ఆకలి, నేలకుండదా?" అంటూ దడి సందులోంచి నా చెయ్యి లాగి గడ్డి కిందికి తోసింది. "చెయ్యి పెట్టి చూడు." బయట ఇసక కాళ్లు కాల్చేస్తోంది. గడ్డి కింద మాత్రం కుండలో నీళ్లలా చల్లగా ఉంది. పాములు చేరతాయని మా అత్త, చెదలు పడతాయని సుబ్బయ్య ఎంత మొత్తుకున్నా ఆమె ఏటేటా గడ్డి పరుస్తూనే వచ్చింది. కుళ్లిన గడ్డి మట్టిలో కలిసి, ఆ ఇసక కాస్త నల్లబడి, పిడికిట పడితే ముద్దయ్యే నేలగా మారింది.

తర్వాత మా ఊరి పొలాలు ఒక్కొక్కటే రొయ్యల గుంటలయ్యాయి. బర్రెలు పోయాయి, వాములు పోయాయి. మిగిలిన కాస్త వరిని మిషన్లు కోసేవి, గడ్డిని మోపులు కట్టి లారీల్లో ఎత్తుకుపోయేవాళ్లు. అట్లాంటి ఒక ఎండాకాలంలో పక్క గుంట గట్టు తెగి ఉప్పునీళ్లు రవణమ్మక్క దొడ్లోకి వచ్చిపడ్డాయి. పరిచిన గడ్డంతా కొట్టుకుపోయింది. నీళ్లు ఇంకాక నేలంతా తెల్లగా ఉప్పు పేరింది. కాపు మీదున్న మిరపచెట్లు నిలువునా మాడిపోయాయి. ఆమె గొంతుక్కూచుని ఆ మట్టిని వేలితో తీసి నాలిక మీద పెట్టుకుంది. "ఇంక ఇది దొడ్డి గాదు మే, ఉప్పుమడి" అంది. తనే మళ్లీ, "ఎండ తగిలేకొద్దీ ఉప్పు పైకొస్తా ఉంటాది. గడ్డి కప్పిపెడితే, వాన పడినప్పుడు కిందికి దిగిపోతాదేమో. నాకేం తెలుసు, చూడాల" అంది. ఊరంతా తిరిగింది. గడ్డి దొరకలేదు.

మర్నాడు పొద్దున ఏదో విరిగిన చప్పుడైతే బయటికి పరిగెత్తాను. రవణమ్మక్క వంటకొట్టం మీదికెక్కి కప్పు పీకుతోంది. నా కళ్లను నేనే నమ్మలేకపోయాను. ఏళ్ల తరబడి పొయ్యి పొగ పట్టి నల్లగా కమిలిపోయిన వరిగడ్డి అది. "దిగక్కా, నీకేమన్నా పిచ్చా?" అని అరిచాను. "కింద నిలబడి అరిచే బదులు ఆ మోపు అందుకోరాదా?" అంది. నేను ఎందుకు అందుకున్నానో నాకిప్పటికీ తెలియదు. కొత్త చీర మసికొట్టుకుపోయి ఇంట్లో నాకు బాగానే చివాట్లు పెట్టారు. సాయంత్రం సుబ్బయ్య వేట నుంచి వచ్చి వాకిట్లో అట్లాగే నిలబడిపోయాడు. "మే, మన వంటకొట్టం యాడికి పోయింది?" అన్నాడు. "దొడ్లోకి పోయింది" అంది ఆమె. తిడతాడేమోనని నేను బిగుసుకుపోయాను. ఆయన వల కింద పెట్టి, పొయ్యి మీది ఆకాశం వంక చూసి, మిగిలిన గడ్డి విదిలించి పరచడానికి దొడ్లోకి వెళ్లాడు.

వాన పడిననాడు కప్పు లేని ఆ పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. పొయ్యి ఆరిపోయింది. నేను గొడుగేసుకుని పోయి మా ఇంటికి రమ్మన్నాను. సగం ఉడికిన అన్నం గిన్నె చంకన పెట్టుకుని ఆమె దొడ్లో తడుస్తూ నవ్వుతోంది. "ఇల్లు రేపు ఆరతాది మే. ఈ వాన మళ్లీ ఎప్పుడొస్తాదో" అంది. అంతా బాగుపడిందని చెప్పను. మొదట వేసిన నారు పసుపుబారి చచ్చింది. మిరప మళ్లీ పట్టనే లేదు. గోంగూర, తర్వాత వంగ నిలిచాయి. వంటకొట్టానికి రేకులు వేయించుకున్నారు. అప్పట్నుంచి ఆమె దూరపు ఊళ్ల నుంచి గడ్డి కొని తెచ్చి ఏటేటా పరుస్తూనే ఉంది.

పోయిన ఎండాకాలం ఆమె ఆ దొడ్లోనే గంప పక్కన ఒరిగిపోయింది. సుబ్బయ్య అప్పటికే లేడు. కూతురు సుజాత మాత్రం ఆ ఇంట్లోనే ఉండి దొడ్డి చూసుకుంటోంది. పాడె కట్టారు. పైన పరచడానికి గడ్డి కోసం మనుషులు ఊరంతా తిరిగి వట్టి చేతులతో వచ్చారు. పొద్దు వాలుతోంది. అప్పుడు కుర్చీలో కూర్చున్న ఒక పెద్దాయన, "దొడ్డి నిండా ఉండాది గదరా, చేతుల నిండా తీసుకురాండి" అన్నాడు. ఇద్దరు దడి వైపు కదిలారు. తల్లి తల దగ్గర కూర్చున్న సుజాత గభాల్న లేచి వాళ్లకు అడ్డం పోయింది. "గడ్డి ముట్టుకోబాకండి. అమ్మను ఉత్త కర్రల మీద పెట్టండి" అంది.

"కన్నతల్లిని ఉత్త వెదురు మీద మోయిస్తావా? ఏం కూతురివి మే నువ్వు?" అన్నాడు పెద్దాయన. "ఎండ చూడు మామా. ఇప్పుడు గడ్డి తీస్తే ఉప్పు పైకొస్తాది. మా అమ్మ కొంప పీకి కాపాడిన నేల అది" అంది సుజాత. అక్కణ్ణుంచి కదల్లేదు. ఇంత గడ్డి పరిచిన మనిషికి చివరికి గుప్పెడు గడ్డి లేకుండా పోవడమేమిటని నాకూ అనిపించింది. అప్పుడు కప్పు మీద నుంచి నన్ను కసిరిన ఆ గొంతు గుర్తొచ్చింది. ఇంట్లోకి పోయి నేను పడుకునే తుంగచాప తెచ్చి పాడె మీద పరిచాను. కాపురం చేసుకునే ఇంట్లోది పాడెకిస్తావా అని మా అత్త నోరు నొక్కుకుంది. రవణమ్మక్క నా చాప మీదే కాటికి పోయింది.

అందరూ వెళ్లిపోయాక దొడ్లోకి పోయి గడ్డి కింద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

దుకాణదారు గడ్డిని సంచిలో కుక్కి ఇచ్చాడు. ఈ మధ్యే మేం ఊరొదిలి వచ్చి చేరిన నెల్లూరు ఇంటి డాబా మీద నాలుగు కుండీలున్నాయి. వాటిలో పరుస్తుంటే కింద వాటాలో కొత్తగా అద్దెకు దిగిన కోడలుపిల్ల బట్టలారేయడానికి వచ్చింది. నన్ను చూసి బిత్తరపోయి, "ఇదేంటక్కా, పూలకుండీల్లో చెత్త పోస్తున్నారు?" అంది. ఆ పిల్ల చెయ్యి పట్టుకుని గడ్డి కిందికి తోశాను.