రెండున్నరకి మూసే బఫే

సెయింట్ అగస్టీన్ ఫ్లోరిడాలో స్పెయిన్ వాళ్లు కట్టుకున్న పాత ఊరు. పొద్దున్నే నేనే డ్రైవ్ చేసుకుంటూ మా ఆయన్ని తీసుకెళ్లాను. సముద్రం పక్కనున్న కోట ముందు ఫోటో దిగామో లేదో, ఆయన టైమ్ చూసుకున్నారు.

"ఇంక పద. జాక్సన్‌విల్‌లో ఇండియన్ బఫే రెండున్నరకి క్లోజ్ చేసేస్తారు."

ఎప్పుడూ ఇదే వరస. పదేళ్లలో ఏ ఊరు వెళ్లొచ్చినా నాకు గుర్తున్నది బటర్ చికెనే. ఒళ్లు మండిపోయింది.

"నేను రాను. లోపలంతా చూడాలి."

"లోపల ఏముంటుంది? గోడలేగా!"

"ఆ గోడలే చూస్తాను. ఆకలైతే మీరెళ్లి తినిరండి."

"ఎలా వెళ్లను? కారు తాళం నీ దగ్గరుంది."

"ఉంటుంది," అని తాళాన్ని హ్యాండ్‌బ్యాగ్‌లో పడేసి, జిప్ లాగి, రెండు టికెట్లు తీసుకున్నాను.

ఆ రోజు నాలుగింటిదాకా ఆయన కూడా గోడలే చూశారు.