చెప్పని మాట దగ్గర ఆగిన ఖాలా

పక్కింటి ఖాలా పోయిందన్న కబురు గురువారం పొద్దున ఎల్లారెడ్డి నుంచి వచ్చిన మొదటి బస్సులో వచ్చింది. కండక్టర్ మా గల్లీ మనిషే. టికెట్ల సంచి భుజాన ఉండగానే మా వాకిట్లో నిలబడి చెప్పి, చాయ్ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. నేను అప్పుడు బట్టలు ఆరేస్తున్నాను. విన్నాను. చేతిలో ఉన్న దుప్పటిని తీగ మీద వేసి, అంచులు సరిచేసి, క్లిప్పులు పెట్టాను. ఏడవలేదు.

మా ఇంట్లో దానికి వెంటనే ఒక అర్థం తీశారు. "దీనికి గుండెకాయ ఉండాల్సిన కాడ గైడు బుక్కు ఉన్నది. మూడేండ్లు ఆమె గడప మీదనే కూసున్నది. కంట్ల సుక్క నీళ్లు లేవు సూడు" అంది అమ్మ, నాకు వినబడేలా, గోడ అవతలి వాళ్లకూ వినబడేలా. బాపు ఇంకో అర్థం తీశాడు. బ్యాంకు ఉద్యోగం ఆర్డర్ వచ్చిన దగ్గర్నుంచి ఐదు రోజులుగా నేను నోరు విప్పలేదు కాబట్టి, ఆ ఉద్యోగం ఉన్న డోంగ్లి ఊరికి పోవాలన్న ఆలోచన మానుకున్నానని. గంజ్‌లో తన దుకాణం దగ్గర నలుగురికి ఆ మాటే చెప్పాడు కూడా.

ఏడవని వాళ్లకు ప్రేమ ఉండదు. మాట్లాడని వాళ్లు ఒప్పుకున్నట్టే. ఈ రెండూ మా ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. కానీ ఇవి లేకపోతే అమ్మ మాటా నిలబడదు, బాపు మాటా నిలబడదు. ఇట్లా మాట కింద ఉన్న మాటను వెతకడం నాకు నేర్పింది ఖాలానే. ఆమె గురించి చెప్పవలసింది ఏడుపులో కంటే ఇందులోనే ఎక్కువ ఉంది.

కామారెడ్డిలో మా ఇంటికీ ఆమె ఇంటికీ మధ్య నడుమెత్తు గోడ ఉంది. మాకు చుట్టం కాదు. అందరూ ఖాలా, అంటే పిన్నీ, అనేవాళ్లు, నేనూ అన్నాను. భర్త పోయాక ఒక్కతే ఉండేది, బీడీలు చుట్టేది. ఒళ్లో చాట, చాటలో ఒక పక్క తంబాకు, ఒక పక్క రేకు ముక్క కొలతకు కత్తిరించిన తునికాకు. కత్తెరను మోకాలి కింద పెట్టుకునేది, ఎవరూ తీయకుండా. ప్రతి బీడీని దారం కట్టాక ఒకసారి అటు తిప్పి, రెండో కొన చూసి గాని కట్టలో పెట్టేది కాదు. "చుట్టేటోల్లు ఇటు దిక్కు చూస్తరు. చెకింగోడు అటు దిక్కు చూస్తడు" అనేది.

డిగ్రీ అయిపోయి నేను బ్యాంకు పరీక్షలకు చదువుతున్న రోజులు. మా ఇంట్లో రేడియో, వచ్చేపోయే వాళ్లు, అమ్మ పిలుపులు. అందుకని గైడు పట్టుకుని గోడ దాటి ఆమె గడప మీద కూర్చునేదాన్ని. లెక్కలు వచ్చేవి. ఇంగ్లీషు వచ్చేది. రీజనింగులో ఒక్క అధ్యాయం మాత్రం నన్ను ముంచేది. ఒక వాక్యం ఇస్తారు. కింద రెండు ఊహలు ఇస్తారు. వాక్యం చెప్పిన మనిషి పైకి అనకుండానే, నిజమని మనసులో పెట్టుకున్నది అందులో ఏదో గుర్తించాలి. చదవడానికి తేలిక. నాకు పదిలో నాలుగు కూడా సరిగ్గా వచ్చేవి కావు.

ఒక మధ్యాహ్నం ఆ వాక్యాలను ఇంగ్లీషులో చదివి, తెలుగులో నాకు నేనే చెప్పుకుంటున్నాను. "పిల్లలు మందు మింగకపోతే బెల్లంలో కలిపి ఇవ్వండి." ఒకటో ఊహ, పిల్లలకు బెల్లం ఇష్టం. రెండో ఊహ, పిల్లలందరూ మందు మింగడానికి మొండికేస్తారు. రెండూ సరైనవేనని టిక్కు పెట్టాను.

"రెండోది ఎట్లయితది?" అంది ఖాలా, తల ఎత్తకుండానే. "మింగకపోతే అన్నడు. అందరు మింగరని ఏడన్నడు?"

"మరి ఒకటోది?"

"దాన్ని ఉల్టా చెయ్యి. పిల్లలకు బెల్లమంటే అసహ్యం అనుకో. ఇగ బెల్లంల కలుపుడు ఎందుకు? మాట కూలిపాయె. ఉల్టా చేస్తే మాట కూలుతదంటే, గదే దాని కింద గుంజ. రెండోది ఉల్టా చెయ్యి. కొందరు బుద్ధిగ మింగుతరు. అయితే ఏమాయె? మింగనోల్లకు బెల్లం ఉండనే ఉండె."

గైడు వెనక జవాబు చూశాను. ఒకటోది మాత్రమే. ఈ ఉల్టా చేసే పద్ధతి గురించి గైడులో అర పేజీ ఇంగ్లీషులో ఉంది. అప్పటికి మూడుసార్లు చదివాను. చాట మీద నుంచి చెప్పేదాకా నాకు అర్థం కాలేదు.

ఆ రోజు నుంచి అది మా రోజువారీ పని అయింది. నేను చదివేదాన్ని, ఆమె చుట్టేది. మెచ్చుకునే అలవాటు ఆమెకు లేదు. ప్రశ్న సగంలో ఉండగానే జవాబు చెప్పబోతే, "సవాలు ఖతం కానియ్యి, నీ పెండ్లి బస్సు పోతలేదు" అనేది. నేను తప్పు చేసే తీరు కూడా ఆమే పట్టుకుంది. "నీ మనసుల ఉన్నది చెప్తున్నవ్ బేటీ. ఆ మాటన్న మనిషి మనసుల ఏమున్నదో చెప్పు. నీకేం మంచిగనిపిస్తదో ఎవరడిగిన్రు?"

గైడులో ప్రశ్నలు అయిపోతే మా ఇల్లు ఉండేది. ఒకసారి గోడ అవతల నుంచి అమ్మ కేకేసింది. "చాయ్ పెట్టిన, గ్లాసులు కడుగుదువు రా."

"ఈ మాట కింద గుంజలు ఎన్ని?" అంది ఖాలా నా వంక చూసి.

"రెండు. నేను ఖాళీగా ఉన్నానని. గ్లాసులు కడగడం నా పనని."

"మూడు. మీ అన్న ఇంట్లనే ఉన్నడు, ఆయనకు చేతులు లేవని."

నేను నవ్వుతూ వెళ్లి గ్లాసులు కడిగాను. ఊహను గుర్తించడం వేరు, దాన్ని ఎదిరించడం వేరు అని అప్పటికి నాకు తట్టలేదు.

ఇంకో ప్రశ్న గుర్తుంది. "ఈ బావి నీళ్లు తాగరాదని సర్కారు బావి దగ్గర బోర్డు రాయించింది." ఒకటో ఊహ, ఆ బోర్డు చదవగలిగే వాళ్లు ఊళ్లో ఉన్నారు. రెండోది, ఊళ్లో ఇంకో బావి ఉంది. ఒకటోది చదివేటప్పుడు నా గొంతు దానంతట అదే తగ్గింది. చదువు రాని మనిషి ముందు చదువు మాట ఎందుకని. ఖాలా నన్ను ఒక క్షణం చూసింది. తరువాత జవాబు చెప్పింది. "ఒకటోదే. చదివేటోల్లు లేకుంటే రాపిచ్చుడు ఎందుకు? ఇంకో బావి ఉన్నదా లేదా సర్కారోల్లకు పట్టదు. లేకున్న గూడ బోర్డు పెడ్తరు."

ఇది జరిగిన కొన్ని నెలలకు ఒకరోజు, తంబాకు కట్టి తెచ్చిన ఉర్దూ పేపరు ముక్కను మోకాలి మీద పరుచుకుని ఆమె నవ్వుతోంది. ఆ పేపర్లను అట్లా పరచడం రోజూ చూసేదాన్నే. మడతలు సాపు చేస్తోందనుకునేదాన్ని.

"ఏంది ఖాలా, నవ్వుతున్నవ్?"

"గీడ ఒకడు బర్రె పోయిందని ఇష్తిహార్ ఏసిండు. నల్లది, నొసట తెల్ల మచ్చ, శాన మంచి గుణం అని రాసిండు. పారిపోయినంక గూడ గుణం మంచిదేనట."

"నీకు చదువొస్తదా?"

"ఉర్దూ వస్తది. మా ఎల్లారెడ్డి బడిల ఏడో జమాత్ దాక చదివిన."

"మరి ఎన్నడు చెప్పలే?"

"నువ్వెన్నడు అడగలే" అంది. పేపరు మడిచి, "బావి సవాలు నాడు గొంతు తగ్గించినవ్ గద. అప్పుడే సమజైంది, నీ లెక్కల నేను అంగూఠా మనిషినని."

"కోపం రాలేదా?"

"వచ్చింది. సవాలు మంచిగున్నది, అందుకే ఊకున్న."

రెండేళ్లు నేను ఊహల అధ్యాయం చదివిన గడప అది. ఆ రెండేళ్లూ ఆ గడప మీద నా ఊహ కూడా నా పక్కనే కూర్చుని ఉంది. నేను అట్లా అనుకోవడానికి కారణం లేకపోలేదు. బీడీ కంపెనీ రిజిస్టర్లో ఆమె అంగూఠా, అంటే వేలిముద్ర, వేయడం నేను చాలాసార్లు చూశాను. అదెందుకని అడిగాను. చేరిన మొదటి రోజు గుమాస్తా ఏమీ అడగకుండా సిరా డబ్బా ముందుకు జరిపాడట. "నా ముందు ముగ్గురు పెట్టిన్రు, నేను పెట్టిన. అప్పుడు మా ఆయన పోయిన కొత్త. నోరు తెరిచి కలమియ్యమంటే ఎవలేమంటరోనని."

ఆ ఏడాది కంపెనీలో బీడీ కార్మికులకు కొత్త కార్డులు రాస్తున్నారు. ఈసారి దస్కతు చేస్తానంది. ముందు రోజు పేపరు అంచు మీద తన పేరు రాసి రాసి చూసుకుంది. ఇస్త్రీ చేసిన బురఖా వేసుకుంది. నన్ను తోడు రమ్మంది. వరుస వచ్చాక గుమాస్తా అలవాటుగా సిరా డబ్బా జరిపాడు. ఆమె కలం అడిగింది.

"కలం ఎందుకమ్మా?"

"దస్కతు చేస్త."

ఆయన పాత రిజిస్టరు తిప్పి చూశాడు. "ఇరవై ఏండ్ల సంది అంగూఠా ఉన్నది. ఇప్పుడు దస్కతు జేస్తే ఇద్దరు మనుషులైతరు. నాకు పరేషాన్, నీకు పరేషాన్. వేలు పెట్టమ్మా."

నేను ఏదో అనబోయాను. ఖాలా నా మణికట్టు పట్టుకుని ఆపింది. వేలు పెట్టింది. గుమాస్తా చెడ్డవాడు కాదు, తుడుచుకోవడానికి గుడ్డ ముక్క కూడా ఇచ్చాడు.

తిరిగి వచ్చేటప్పుడు రైలు గేటు పడి ఉంది. గూడ్సు బండి పోతున్నంతసేపూ ఆమె బొటనవేలినే చూసుకుంటూ నిలబడింది. "ఆయన తప్పేం లేదు. ఆయన రిజిస్టరు చదివిండు. అండ్ల నేను రాపిచ్చిందే ఉన్నది" అంది. గేటు లేచాక నడుస్తూ అంది, "మొదటి దినం ఊకుంటే ఊకున్నట్టే ఉంటది బేటీ. ఇరవై ఏండ్లకు అదే నువ్వు చెప్పిన మాటయితది."

తరువాత ఎప్పుడూ ఆ ఊసు ఎత్తలేదు. పేపరు అంచు మీద పేరు రాయడం కూడా మళ్లీ నేను చూడలేదు.

నేను రాత పరీక్ష పాసయ్యాను. ఆ అధ్యాయంలో ఒక్కటి కూడా తప్పు పోలేదని చెబితే, "ఒక్కటన్న పోవాలె, లేకుంటే కాపీ కొట్టినవంటరు" అంది. ఇంటర్వ్యూకు వెళ్లి వచ్చేసరికి ఆమెకు ఆయాసం ఎక్కువై, చెల్లెలు వచ్చి ఎల్లారెడ్డి తీసుకెళ్లింది. చాట, కత్తెర గోనె సంచిలో చుట్టి మా ఇంట్లో పెట్టి వెళ్లింది.

ఆమె పోవడానికి ముందు శనివారం ఆర్డర్ వచ్చింది. మహారాష్ట్ర సరిహద్దు దగ్గర డోంగ్లి బ్రాంచి. పదిహేను రోజుల్లో చేరాలి. బాపు చదివి, మడిచి, బీరువాలో పెట్టాడు. "అంత దూరం మనకెందుకు తియ్. ఈడ్నే ఏదన్న చూద్దాం" అన్నాడు. అమ్మ అప్పటికే వేరే మాటలోకి వెళ్లిపోయింది. వెళ్తావా అని నన్ను ఎవరూ అడగలేదు. నేనూ చెప్పలేదు. ఈ ఆదివారం ఎల్లారెడ్డి వెళ్లి ముందు ఖాలాకు చెప్పాలనుకున్నాను. గురువారం కబురు వచ్చింది.

శనివారం జియారత్‌కు, అంటే మూడోనాటి ప్రార్థనకు, నేనూ అమ్మా ఎల్లారెడ్డి వెళ్లాం. ఆడవాళ్లంతా లోపలి గదిలో చాదరు మీద కూర్చున్నారు. ఖాలా చెల్లెలు నా పక్కన కూర్చుని అక్క మీద చాడీ చెప్పినట్టే చెప్పింది.

"ఏం మొండి మనిషి బిడ్డా మా ఆపా. దవాఖానల చేర్చేటప్పుడు నర్సమ్మ అంగూఠా డబ్బా తెచ్చింది. చెయ్యి ఎనకకు గుంజుకున్నది. కలం ఇయ్యిమన్నది. లేసి కూసునేటందుకు చాతగాదు. మూడుసార్లు కలం జారింది. నర్సమ్మకు పది పనులు, ఆమె నిలబడ్డది. నేను జెప్పిన, వేలు పెట్టరాదా ఆపా, ఎవలు చూసొచ్చిన్రు అని. పూర పేరు రాసిందాక కాయితం ఇయ్యలే."

"ఏం రాసింది?"

"నాకేమెర్క? నన్ను బడికి తోల్లే, ఆమెనొక్కదాన్నే తోలిన్రు. చెయ్యి మాత్రం గిట్ల పోయింది."

చాదరు మీద వేలు పెట్టి చూపించింది. వేలు కుడి నుంచి ఎడమకు మెల్లగా కదిలింది. ఒకచోట ఆగింది. మళ్లీ కదిలింది. చివర ఎత్తి, పైన ఒక చుక్క పెట్టి, కొంచెం ఆలోచించి, కింద ఇంకో చుక్క పెట్టింది. చాదరు మీద ఏమీ మిగల్లేదు. అయినా ఇద్దరం అక్కడే చూస్తూ కూర్చున్నాం. అక్కడ కూడా నాకు ఏడుపు రాలేదు. అమ్మ గమనించింది.

ఇంటికి వచ్చేసరికి బాపు చాయ్ తాగుతున్నాడు. బీరువా తీసి ఆర్డర్ బయట పెట్టాను. కింద అంగీకారం అని ఉన్నచోట, రెండు ప్రతుల మీదా సంతకం చేశాను.

"ఏం చేస్తున్నవ్?" అన్నాడు బాపు.

"దస్కతు."

"పోనంటివి గద."

"అనలే బాపు. ఊకున్న."

"గా మరాఠోల్ల ఊళ్లె నీకెవరున్నరే?" అంది అమ్మ.

"ఎవరు లేరు."

బాపు గ్లాసు కింద పెట్టాడు. దుకాణం దగ్గర అందరికీ పోదని చెప్పానని, ఇప్పుడు తన మొహం ఎక్కడ పెట్టుకోవాలని అడిగాడు. నిజంగానే అడిగాడు. రేపే మళ్లీ చెప్పు, తొందరగా చెప్తేనే మంచిది అన్నాను.

ఇవాళ ఆదివారం. పెట్టె సర్దుకున్నాను. ఖాలా చాట, కత్తెర గోనె సంచిలోనే ఉన్నాయి. దారిలో దిగి చెల్లెలికి ఇవ్వాలి. రేపు పొద్దున మొదటి బస్సుకు ఎల్లారెడ్డి మీదుగా వెళ్లి, డోంగ్లి బ్రాంచిలో చేరుతున్నాను.