కొట్టమన్నది నేనే

మా బస్సుల ఓనరుగారు మొన్న గురువారం పొద్దున జగ్గయ్యపేటలో పోయారు. అప్పుడు నేను నందిగామలో బండి తుడుస్తున్నాను. కబురు తెచ్చిన కండక్టరు ఏడుస్తూ చెప్పాడు. నాకు కన్నీళ్లకంటే ముందు చెయ్యి ఎడమ చెవి మీదికి పోయింది. ఆ చెవికి పన్నెండేళ్లుగా ఏమీ వినపడదు. నేను డ్రైవరుగా చేరిన ఏడాదే, పావుగంట ఆలస్యంగా వచ్చానని ఆయన లాగి కొట్టిన దెబ్బ అది. పోయినవాళ్ల గురించి రాసేటప్పుడు ఇలాంటివి దాచిపెడతారు. దాస్తే ఆయన ఒప్పుకోరు. అందుకే మీకు ముందుగా చెప్పేశాను.

ఆ రోజుల్లో ఈ రెండూళ్ల మధ్య ఆయన బస్సులు మూడు తిరిగేవి, పోటీవాళ్లవి రెండు. ఏ బండి ముందుపోతే జనం ఆ బండే ఎక్కేవారు. అందుకని ఒకరినొకరం రోడ్డు దింపుకునేవాళ్లం, రాళ్లు రువ్వుకునేవాళ్లం. ఒక వేసవిలో చిల్లకల్లు దగ్గర పోటీ బస్సు డ్రైవరు విసిరిన రాయికి మా బండి అద్దం పగిలింది. గాజుపెంకులు ఒక ముసలావిడ ముఖమంతా చీరేశాయి. నెత్తురుతో తడిసిన సీటు చూసి ఓనరుగారు షెడ్డులోని ఇనపరాడ్డు తీసి నా చేతిలో పెట్టారు.

"పోండ్రా. వాడు మళ్లీ స్టీరింగు పట్టకూడదు."

మేం ముగ్గురం వెళ్లాం. నందిగామలో అతను బండి దిగుతుండగా మీద పడ్డాం. మొదటి దెబ్బ నాదే. భుజం ఎముక విరిగిన చప్పుడు బాగున్న చెవికి స్పష్టంగా వినపడింది. రెండో దెబ్బ కంటి మీద పడింది. అదీ నాదే.

పోలీసులు మమ్మల్ని లాకప్పులో పెట్టారు. ఎంత కొట్టినా మేం ఓనరుగారి మాట ఎత్తలేదు. ఆయనకు కూడా నోరు విప్పొద్దని ప్లీడరు చెప్పాడట. మూడోరోజు ఆయనే నడిచి స్టేషనుకు వచ్చారు.

"కొట్టమన్నది నేనేనండి. రాసుకోండి," అన్నారు ఎస్సైతో.

అందరికీ శిక్ష పడింది. ఆయనకు మాకంటే ఎక్కువే పడింది.

ఆయన జైలు నుంచి బయటికొచ్చిన వారానికి నన్ను వెంటబెట్టుకుని చందర్లపాడులో ఆ డ్రైవరు ఇంటికి వెళ్లారు. మమ్మల్ని గుమ్మంలో చూడగానే అతను చేతిలో ఉన్న ఇత్తడి చెంబు విసిరాడు. ఓనరుగారి నుదురు చిట్లింది. నేను ముందుకు ఉరికితే చొక్కా పట్టి వెనక్కి గుంజారు.

"క్షమించమని అడగడానికొచ్చావా?" అని అరిచాడతను.

"కాదయ్యా. నేనేం చేశానో చూడ్డానికొచ్చా. కోర్టులో చదువుతుంటే విన్నాగానీ కళ్లారా చూళ్లేదు."

అతను కంటికి కట్టుకున్న గుడ్డ ఊడదీశాడు. "చూడు. బాగా చూడు."

కన్ను లేదు, గుంట ఉంది. కనుబొమ్మ మీదుగా నెత్తురు కారుతున్నా తుడుచుకోకుండా ఆయన చూస్తూ నిలబడ్డారు. నేను తల తిప్పుకున్నాను.

"నువ్వూ చూడరా," అన్నారు.

అతను క్షమించలేదు. ఆ తలుపు మళ్లీ మాకు తెరుచుకోలేదు.

ఆ తర్వాత నుంచి ప్రతి సోమవారం, మొదటి బస్సు కదిలేముందు, షెడ్డులో అందర్నీ పిలిచి తాను చెక్కబెంచీ మీద కూర్చునేవారు. "పోయిన వారం నేను చేసిన తప్పేంటో చెప్పండి," అని అడిగేవారు. రెండు వారాలు ఎవరూ పెదవి కదపలేదు. మూడో వారం నేనే తెగించాను.

"ఆ రోజు రాడ్డు ఇస్తే వద్దనడానికి భయమేసిందండీ. మిమ్మల్ని కాదనే మనిషి ఈ షెడ్డులో ఒక్కడూ లేడు."

ఆయన ముఖం కందిపోయింది. "లేకుండా చేసుకుంది నేనే. మీరు భయపడితే నా గురించి నాకెవరు చెప్తార్రా?" అన్నారు.

ఆయన శాంతమూర్తి అయిపోయారని నేను రాయను. కోపం చివరిదాకా అలాగే ఉంది. పోయిన ఏడాది ఒక సోమవారం, కొత్తగా చేరిన నడివయసు మెకానిక్కు ఆయన ముఖం మీదే అనేశాడు: "బ్రేకులు బాగా లేవని చెప్పినా మొన్న బండి పంపించారు. జనం చచ్చుంటే మీరు హంతకులండి!"

ఓనరుగారి మెడ నరాలు ఉబ్బాయి. లేవబోయి, గబుక్కున రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని వాటి మీదే కూర్చున్నారు. అతను చెప్పడం పూర్తయ్యేదాకా కదల్లేదు.

"ఆ బండి ఇవాళ బయటికి పోదు," అని లేచి, చేతులు చాపి చూసుకున్నారు. బెంచీ చెక్కల అంచుల గుర్తులు రెండు అరచేతుల్లోనూ ఎర్రగా, లోతుగా పడి ఉన్నాయి.