బుర్గక్క చేతి బరువు

మూడు రోజులు ఏకధాటిగా మంచు కురిసి, నాలుగోనాటి పొద్దున తెరిపిచ్చింది. టిరోల్ మంచుకొండల్లోని ఆ ఊళ్ళో ఆకాశం తేటపడితే చాలు, హోటలు కాస్పర్ మొహం చేటంత అవుతుంది. మరి పదహారుమంది అతిథులు స్కీలు తుడుచుకుని కూర్చున్నారాయె! ఎదురుగా ఉన్న వాలు మీద ఇంకా ఎవరూ తొక్కని మంచులో జారాలని వాళ్ళ ఆత్రం.

చరియ విరిగిపడే ముప్పెంతో చూసి, ఆ వాలు తెరవాలో మూయాలో తేల్చేది ఊరి మంచుచరియల సంఘం. సభ్యులు అయిదుగురు. ఒకాయనది హోటలు, ఒకాయనది జనాన్ని కొండెక్కించే లిఫ్టు, ఒకాయనది స్కీల దుకాణం, నాలుగోవాడు ఈ ముగ్గురికీ బావమరిది. అయిదోది బుర్గక్క. పన్నెండు ఆవుల పాడి ఆవిడది. ఆవిణ్ణెందుకు పెట్టుకున్నారంటారా? మంచు పరీక్షకు గొయ్యి తవ్వడానికి ఎవరో ఒకరు కావాలిగా!

బుర్గక్క వాలు అంచున నడుములోతు తవ్వింది. గోతి గోడలోంచి మంచును స్తంభంలా కోసి, పైన పార బోర్లించి, చేత్తో కొట్టింది. మణికట్టు నుంచి పది దెబ్బలు, మోచేతి నుంచి పది, భుజం నుంచి పది. అదీ పద్ధతి. ఎంత తొందరగా తెగితే అంత ప్రమాదం. ఆరో దెబ్బకే పైపొర పలకలా తెగి ఆవిడ ఒళ్ళోకి జారింది. కింద చూస్తే పంచదార పోసినట్టు పొడిపొడి గింజలు. అలాంటి గింజల మీద పై మంచు నిలవదు.

"నాలుగు" అంది. ప్రమాదం అంకె అయిదుకి నాలుగంటే వాలు మూసెయ్యడమే.

"నీ చెయ్యి మోటు బుర్గక్కా! పొద్దస్తమానం ఆవుల్ని పిండే చెయ్యాయె. అది తగిలితే మంచేమిటి, మా హోటలు గోడే కూలుతుంది" అన్నాడు కాస్పర్.

"మోటంటే మోటే!" వంత పాడాడు బావమరిది.

సుతిమెత్తని చెయ్యి కావాలని సంఘం తీర్మానించింది. కొత్త స్తంభం కోయించి లిఫ్టాయన తట్టాడు, పన్నెండో దెబ్బకు తెగింది. దుకాణమాయన తట్టాడు, పంతొమ్మిది. కాస్పర్ గ్లవ్వు తీసి, పసిబిడ్డను జోకొట్టినట్టు తట్టాడు. ఇరవయ్యెనిమిది దాకా మంచు కదిలితే ఒట్టు!

"చూశావా? ఇక మూడు రాసెయ్యి."

మూడంటే వాలు తెరిచి, జాగ్రత్త అని చెప్పడం; ఎవరి నెత్తికీ చుట్టుకోని అంకె. జారినవాడు బతికితే మన ఊరి గొప్ప, చస్తే 'ముందే చెప్పాంగా'!

బుర్గక్కకు ఒళ్ళు మండింది. "పదహారు ప్రాణాలయ్యా, కాస్పర్!" అంది. నలుగురూ ఒకటైతే ఆవిడ మాట వినేదెవరు?

అంతలో అతిథుల్ని వెంటేసుకుని కాస్పర్ కూతురు వ్రోనీ వచ్చింది, స్కీలు భుజానేసుకుని.

"తెరిచారా నాన్నా? గైడుకు జ్వరం. వీళ్ళతో నేనే పైకెళ్తున్నా."

కాస్పర్ కూతురికి అడ్డంగా వచ్చాడు. "నువ్వా? నువ్వొద్దు తల్లీ."

"ఏం? మూడేగా?"

"వద్దన్నానా! ఇంటికి పో. ఆ గైడునే లేపు, జ్వరమైతే ఏం, వస్తాడు."

పదహారుమందీ విన్నారు. ముందున్నావిడ స్కీలు మెల్లిగా కింద పెట్టేసింది. వెనకాల మిగతావాళ్ళూ పెట్టేశారు.

బుర్గక్క సంఘం పుస్తకం తెరిచి నాలుగు అని వేసింది. కారణం రాసే గడిలో ఇలా రాసింది: "అయిదో పరీక్ష, కాస్పర్ కూతురు. పంపనన్నాడు."

పుస్తకం చేతికిస్తే కాస్పర్ సంతకం పెట్టాడు.