బందరు పార్కులో సంపెంగలు పూయించిన మావయ్య

మొన్న పొద్దున అవనిగడ్డ నుంచి ఫోనొచ్చింది. మన బందరు పార్కు తోటమాలి మావయ్య, కూతురింట్లో కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అలాగే ఒరిగిపోయారట. నాకు వరసకు ఏమీ కారు. పార్కుకొచ్చే వాళ్లందరికీ ఆయన మావయ్యే.

నేను బడికి సరిగా వెళ్లని వాణ్ని. బైబిలు వాక్యం నా అంతట నేనే కూడబలుక్కుని నేర్చుకుని, ఆదివారం సాయంత్రాలు పార్కు ఫౌంటెన్ పక్కన నిలబడి గొంతు చించుకునేవాణ్ని. ఆ కేకలకి మీలో కొందరు బెంచీ మార్చుకునే ఉంటారు. మావయ్య మాత్రం మొక్కల దగ్గర్నుంచి లేవకుండానే వినేవారు. ఆయన మన కృష్ణ ఒడ్డు శ్రీకాకుళంలోని ఆంధ్రమహావిష్ణువు భక్తులు. నేను గ్రంథం చంకలో పెట్టుకుని అటు రాగానే, "ఏం అయ్యగారూ, ఇవాళ ఎంతమందిని నరకంలో దింపొచ్చారు?" అనేవారు.

"మిమ్మల్ని ఇంకా దింపలేదులే మావయ్యా."

"నన్ను దింపితే అక్కడా నాలుగు మొక్కలేస్తాను. నీడ లేక చస్తున్నారంట కదా, పాపం!"

కొత్తవాళ్లు దొరికితే చాలు, పార్కంతా తిప్పేవారు. "ఇదంతా ఒకప్పుడు పర్రండీ, గడ్డి కూడా మొలవని ఉప్పునేల. వలందా దొరలు, అదే డచ్చివాళ్లు, ఓడల దుంగలు ఇక్కడే ఆరబెట్టేవారంట" అని మొదలు. అది నిజమో, ఆయన కల్పనో నేను తేల్చుకోలేదు. ఉప్పెన నీళ్లు ఎంత ఎత్తున నిలిచాయో గేటు స్తంభం మీద చెయ్యి పెట్టి చూపించేవారు. తామర కొలనులో నీటికాకులు రెక్కలారబెట్టుకునే మోడు, గబ్బిలాలు వేలాడే చింతచెట్టు, ముంగిస తన పిల్లల్ని దాటించే తూము, చివరికి పిల్లలు జారే సిమెంటు ఏనుగు. "దీనికొక్కదానికే నేను నీళ్లు పొయ్యక్కర్లేదు" అని తనే ముందు నవ్వేవారు.

మొక్క నాటే ముందు చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుని ఉమ్మేవారు. ఉప్పు తగిలితే గొయ్యి ఇంకా లోతు తీసి, ఊక పరిచి, శ్రీకాకుళం ఏటి ఒడ్డు ఒండ్రుమట్టి నింపేవారు. ఆ మట్టిని గోనెసంచుల్లో బస్సు మీద తెచ్చేవారు, కండక్టరు చేత తిట్లు తింటూ. తొలి మనిషికి దేవుడు అప్పగించిన పని బోధ కాదు, తోటపని. వాక్యంలో ఎన్నోసార్లు చదివాను గానీ, ఆ చేతులు చూశాకే నాకు అర్థమైంది.

ఆయనకో పంతం ఉండేది: బందరులో సంపెంగ పూయించాలని. రెండుసార్లు పెడితే రెండుసార్లూ పోయాయి. మూడోసారి పది మొక్కలు పెట్టినప్పుడు పై అధికారి తేల్చి చెప్పేశాడు, ఇవీ పోతే అక్కడ సిమెంటు చేయించి, ఆయన్ని పార్కు నుంచి మురుక్కాలవల పనికి మారుస్తానని.

ఆ వేసవిలో కూతురి కాన్పుకి వెళ్తూ మొక్కలు నాకు అప్పజెప్పారు. "తొట్టిలో కాలవ నీళ్లు నింపానండీ. మొక్కకి చెంబుడు. అంతే."

రోహిణి ఎండకి చెంబుడు నీళ్లా! నాకు రోషం వచ్చింది. సంఘం వాళ్లని పోగేసి, పిసినారి సేవ దేవుడికి గిట్టదని గర్జించి, పార్కు బోరింగు కొట్టించి బిందెలకి బిందెలు పోయించాను. బందరు బోరు నీళ్లు ఉప్పని తెలియని వాళ్లెవరు? అంట్లు తోముకుంటామే గానీ నోట పెట్టం. ఆవేశంలో మొక్కకీ నోరుంటుందని మరిచాను.

పది రోజులకి మావయ్య తిరిగొచ్చేసరికి ఆకులన్నీ అంచుల నుంచి మాడి ఉన్నాయి. గొంతుక్కూర్చుని చిటికెడు మట్టి నాలుక మీద వేసుకున్నారు.

"ఈ ఏడు ఎండలు మరీ ఘోరం మావయ్యా," అన్నాను.

ఆయన నా మొహంలోకి చూశారు. ఉమ్మేసి, "అవునండీ అయ్యగారూ, ఎండ గట్టిదే," అన్నారు.

మర్నాడు అధికారి వచ్చి అందరి ముందూ కడిగేశాడు. "మొక్కలొదిలేసి ఊళ్లు తిరిగొచ్చావా?" నేను పక్కనే ఉన్నాను. మావయ్య చేతులు కట్టుకుని, "తప్పు నాదేనండీ. ఈ ఒక్క ఏడాదీ వదిలెయ్యండి. చుట్టూ తవ్వి ఎరువేస్తాను. అప్పటికీ చిగురించకపోతే మీ ఇష్టం," అన్నారు.

కాయని అంజూరపు చెట్టు కోసం యజమానిని ఇలాగే బతిమాలిన తోటమాలి కథ నేను ఎన్ని ఆదివారాలు అరిచి చెప్పానో! నోరు తెరవాల్సింది నేను. తెరవలేదు. వాక్యంలో, గురువునెరగనని బొంకిన శిష్యుడికి కోడి కూసింది. నాకు కంచెలోంచి జెముడుకాకి గుబగుబమంది.

మర్నాటి నుంచి మా ఇంటి కుళాయి నీళ్లు రెండు బిందెలు సైకిలుకి కట్టుకుని పొద్దున్నే తెచ్చేవాణ్ని. ఏడాదంతా తెచ్చాను. ఎందుకని ఆయన అడగలేదు. ఆయన తవ్వారు, నేను పోశాను. పదిలో నాలుగు చిగురించాయి. అధికారి చూసి, సిమెంటు మాట మానేశాడు. మావయ్య పార్కులోనే ఉండిపోయారు.

ఆయన రిటైరైన రోజున ధైర్యం చేశాను. "మావయ్యా, ఆ ఏడు ఆ బోరింగు నీళ్లు..."

"నా నాలుక్కి తెలీదంటారా?" అన్నారు. "మీరప్పుడే ఒప్పుకునుంటే నాలుగు తిట్టి వదిలేసేవాణ్ని. ఏడాదిపాటు నీళ్లెవరు మోస్తారు?"

ఆయన క్షమించారు. కానీ మొక్కల్ని గాలికొదిలి కూతురింటికి పోయిన మనిషన్న మాట ఊళ్లో నిలిచిపోయింది. పాపాలు ఒప్పుకోండని మీ మీద ఇన్నేళ్లు అరిచిన నేను, నాది ఒప్పుకోవడానికి ఆయన పోయేదాకా ఆగాను. ఆ నీళ్లు పోయించింది నేనేనండీ. ఆయన తప్పు అణువంత లేదు.

నిన్న సాయంత్రం పార్కుకి వెళ్లాను. సంపెంగలు పూసి ఉన్నాయి. చెట్టు కింద ఇద్దరు అక్కచెల్లెళ్లు. పెద్దది చిన్నదాన్ని నడుం పట్టి ఎత్తుతోంది. వేళ్లు కొమ్మకి అందీ అందక జారిపోతున్నాయి. మూడోసారికి పువ్వు చేతికొచ్చింది. చిన్నది దాన్ని తను వాసన చూడకుండానే, కిందికి వంగి, ఇంకా తనను ఎత్తుకునే ఉన్న అక్క ముక్కు దగ్గర పెట్టింది.