నెమలికంఠం సైకిలు

1979లో ధర్మవరం నుంచి అనంతపురానికి జరిగిన సైకిలు పందెంలో, వెనక క్యారియరు కూడా విప్పని మామూలు సైకిలు మీద, దారి పొడుగునా ఎదురుగాలితో కుస్తీపట్టి మొదటి కప్పు కొట్టినవాడు మా తిప్పేస్వామి. అంతకుముందు ఆ కప్పు అనంతపురం దాటి బయటికి వచ్చిన పాపాన పోలేదు. అంతటి ఘనుడు, సన్మానంలో మెడలో వేసిన పసుపు తువ్వాలును వేదిక మీదే విప్పి, "సార్, ఈ పసుపు ఎండలో ఎట్లుంటాదో చూసొస్తా" అని దిగిపోయాడు. ఫోటో తీసేవాడికి ఖాళీ కుర్చీ దొరికింది.

తిప్పేస్వామికి ఉన్నదల్లా ఆ ఒక్క పిచ్చే. ఏ రంగునైనా పొద్దుటెండలో, మిట్టమధ్యాహ్నం, పొద్దువాలే వేళ, ఇట్లా మూడు ఎండల్లో చూడనిదే ఒప్పుకోడు. వంకాయలు కొన్నా అంతే. తన పెళ్లిలో, సరిగ్గా తాళి కట్టే వేళకు, పెళ్లికూతురు నాగలక్ష్మమ్మ కొంగు పట్టుకుని ఎండలోకి దారితీశాడు. కొంగు వెంట ఆమె, ఆమె వెంట పురోహితుడు. ముహూర్తం ఒక్కటే పందిట్లో మిగిలింది. మన జిల్లాలో వానకు కరువు గానీ ఎండకు లేదు కాబట్టి ఆయన పిచ్చికి ఏనాడూ లోటు రాలేదు. ఆ తర్వాత హిందూపురంలో రెండు కప్పులు, కదిరిలో ఒకటి గెలిచాడు. అవి చెప్పకుండా ముందుకు పోతే ధర్మవరం ఊరుకోదు.

ఆ మొదటి పందెంలో రెండోవాడు ఓబులేసు. పట్టుకు రంగులద్దేవాడు. మనిషి పొట్టి, కడుపుమంట పొడుగు. దారిలో వాగు దాటే చోట, వంక దగ్గర, చైను ఊడకపోతే కప్పు తనదేనని ఎదురుపడిన ప్రతివాడికీ చెప్పేవాడు. విని విని భార్య మారెక్కకు ఎంత అలవాటైందంటే, కథ వంక దగ్గరికి రాగానే పొయ్యి ముందు నుంచే "ఆ, ఊడె" అని అందించేది.

1982 మొదట్లో, అనంతపురం పందెం మళ్లీ పెడుతున్నారనగానే, తిప్పేస్వామి బెంగళూరు నుంచి అసలైన రేసు సైకిలు ఫ్రేము తెచ్చాడు. ఇంకా రంగు పడని ఉత్త ఉక్కు. చిటికెన వేలికి తగిలించుకుని బస్సు దిగాడట. ఆ మాట విన్న పూట ఓబులేసుకు ముద్ద దిగలేదు. మరునాడు ఫ్రేమే గడప ముందుకు వచ్చింది.

"ఓబులేసూ, రంగుల్లో పుట్టినోనివి. దీనికేం రంగేద్దామో చెప్పప్పా."

అతుకు కనిపించని ఆ గొట్టాలను చూస్తే ఓబులేసు కడుపులో రంగుల కాగు మరిగింది.

"పేడరంగు ఎయ్యన్నా. బుగ్గి పడినా కనపడదు."

చెడగొడదామనే చెప్పాడు. తిప్పేస్వామి మాత్రం ఎద్దులబండ్లకూ అంగడి బోర్డులకూ రంగులేసే వీరప్ప దగ్గరికి పోయి, నిజంగానే పేడరంగు వేయించాడు. మూడు ఎండల్లో చూశాడు. మూడో ఎండకు గీకించేశాడు.

"ఇది నువ్వు మనసుపెట్టి చెప్పింది కాదప్పా," అని మళ్లీ వచ్చాడు.

ఈసారి అద్దంలా నిగనిగలాడే ఎరుపు. ఆ మెరుపు మీద పడి ఎదురింటి పుంజు తెల్లారిందనుకుని మిట్టమధ్యాహ్నం కూసింది. గీకించాడు. ఆ తర్వాత మెరుపే లేని బూడిదరంగు, పొయ్యిలోంచి తీసినట్టుంది. దాని తర్వాత వెండిపొడి కలిపిన తెలుపు. చూసినవాడికల్లా కళ్లలో నీళ్లు. వీరప్ప గరుకు కాగితం కింద పడేశాడు.

"ఇంగ గీకితే ఫ్రేము అరిగిపోయి రంగొకటే మిగులుతాదన్నా."

మధ్యలో ఒకసారి చక్రాలు బిగించి ఎక్కి చూస్తే తిప్పేస్వామి మోకాళ్లు గడ్డానికి తగిలాయి. "తాటిచెట్టంత మనిషి, చిన్నపిల్లోళ్ల ఫ్రేము కొనుక్కున్యాడే," అని ఓబులేసు ఆ పూట ఒక సంగటిముద్ద ఎక్కువే తిన్నాడు. అరిగేలోపే తిప్పేస్వామి మళ్లీ గడప ముందు ఉన్నాడు.

"ఏమన్నా, నన్ను ఉడికించేకి వస్తాండావా? అదే నాదైతే, ఈ పాటికి నెమలికంఠం ఏసి రోడ్డు మీద తిప్పుతాంటి."

"నెమలికంఠమా?"

"పడుగు నీలం, పేక పచ్చ. చీర ఇట్లా తిప్పితే ఒక రంగు, అట్లా తిప్పితే ఇంకొకటి. పట్టుకు వచ్చేది ఇనుముకు యాడొస్తాది? పో అన్నా."

తిప్పేస్వామి ముఖం కొత్త పెళ్లికొడుకు ముఖంలా వెలిగింది. వీరప్ప తల గోక్కుని, పట్టు నేసే ఊరివాడికి మాత్రమే తట్టే ఉపాయం ఒకటి కనిపెట్టాడు: పడుగు ఒక పక్క, పేక ఒక పక్క. ఫ్రేము ఎడమ భాగమంతా నీలం, కుడి భాగమంతా పచ్చ.

రంగు ఆరిన రోజు పొద్దున ఓబులేసు అరుగు మీద కూర్చుని ఉండగా వీధిలో నీలం సైకిలు పోయింది. మునిమాపున పచ్చ సైకిలు తిరిగొచ్చింది.

"మారెక్కా, రెండు కొన్యాడే," అన్నాడు నీరసంగా.

"రెండైతేనేమి? కాలేది నీ ఒక్క కడుపే కదా," అంది మారెక్క.

మరునాడు పొద్దున్నే నాగలక్ష్మమ్మ నీలం సైకిలు తోసుకుంటూ వచ్చి అరుగుకు ఆనించింది.

"పచ్చది యాడ వదినా?"

ఆమె సైకిలును అటు తిప్పి ఆనించింది. అదే సైకిలు, అటు పక్క పచ్చ.

"మీ అన్న మడకశిర పోయినాడు. ఆయన చెల్లెలు కొత్త తలుపు చేయించింది, దానికి రంగు ఎంచేకి. దీన్ని నీకిచ్చి రమ్మన్యాడు."

"కాపలా కాయమనా?"

"తొక్కమని. నీ కాళ్ల కొలతకే తెచ్చినాడంట. సీటు కూడా దించి పెట్టినాడు, చూడు."

"మరి పందేనికి ఆయనకు?"

"ఆ పాత క్యారియరు సైకిలే. నీ చైను ఊడకుంటే ఎవరు గెలుస్తారో చూడాలంట. ఆ కప్పును ఇన్నేండ్లుగా ఎండలో పెట్టి చూస్తానే ఉండాడు ఓబులేసూ. ఏ ఎండలోనూ తనదని అనిపించలేదంట."

ఓబులేసు వంగి చైను లాగి చూశాడు.

"ముందే చెప్పొచ్చు కదా వదినా."

"నీకని చెప్తే ఏదో ఒకటి ఎయ్యన్నా అనేటోనివంట. మంట పుడితే గానీ నీకు నచ్చింది నోటికి రాదంట."

ఆమె పోయాక ఓబులేసు సైకిలును వీధి మధ్యకు తెచ్చాడు. ఈ పక్క నుంచి చూశాడు, ఆ పక్క నుంచి చూశాడు. తన మీద తనకే కుళ్లు పుట్టేంత బాగుంది.

"చూసింది చాల్లే, ఎక్కు," అంది మారెక్క.

"ఉండు మారెక్కా. ఇది పొద్దుటెండ. మధ్యాహ్నం ఎట్లుంటాదో చూడనీ."

పందెం నెలాఖర్లో. తిప్పేస్వామి తిరిగి రావలసింది, ఆ తలుపుకు రంగు కుదిరితే, 1982 ఏప్రిల్ పద్నాలుగు, బుధవారం.