సర్మన్ అయ్యాకే సంచి

ఆ రోజుల్లో అని నేను మొదలుపెడితే మా చెల్లెలి పిల్లలు ముసిముసిగా నవ్వుతారు. నా ఆ రోజుల్లో కూడా అందరి చేతుల్లో స్మార్ట్ ఫోన్లు ఉన్నాయని వాళ్ల ఎత్తిపొడుపు. ఉన్నాయి, కాదనను. నా దగ్గరా ఒకటుండేది, కిస్తుల మీద కొన్నది. దాన్ని చెవికి ఆనించుకున్నప్పుడు ఉండాల్సిన తెలివి మాత్రం కిస్తుల మీద కూడా దొరకలేదు. అప్పుడే కొత్తగా తాండూరులో ఒక బండల పాలిషింగ్ యూనిట్‌లో బిల్లులు రాసే పనికి కుదిరాను. మా ఊరు బంట్వారం దగ్గర. రోజూ అక్కడి నుంచి రావడం కష్టమని వికారాబాద్‌లో మా పెద్దమ్మ ఇంట్లో ఉంటూ రైల్లో తాండూరుకు వెళ్లి వచ్చేవాణ్ని. సాయంత్రానికి తల నుంచి చెప్పుల దాకా బండల పొడి పట్టి, దిగేటప్పుడు వయసు మళ్లినవాడిలా కనిపించేవాణ్ని. ఆదివారం మాత్రం శుభ్రంగా తల దువ్వుకుని చర్చిలో సండే స్కూలు పిల్లలకు పాఠం చెప్పేవాణ్ని. భయపడవద్దని బైబిల్ వాక్యంలో ఎన్నిచోట్ల ఉందో వేళ్ల మీద లెక్కపెట్టించేవాణ్ని (ఇది గుర్తుంచుకుని మిగతాది చదవండి).

ఆ నెలలో మా బాపు బోరు మోటరు కాలిపోయింది. ఉల్లిగడ్డ మడి ఎండుతోంది. మెకానిక్ డబ్బు చేతిలో పెడితే తప్ప వైరు చుట్టనన్నాడు. జీతం పడగానే శనివారం తెస్తానని నేను మాటిచ్చాను. జీతం శుక్రవారం పొద్దున పడింది. పడిన కాసేపటికే ఫోను మోగింది.

అవతలి మనిషి గొంతు ఇస్త్రీ చేసిన చొక్కాలా ఉంది. నా పూర్తి పేరు చెప్పాడు, మా బాపు పేరు చెప్పాడు, ఊరు చెప్పాడు. తాను కోర్టు కాగితాలు ఇంటికి తెచ్చిచ్చే ప్రాసెస్ సర్వర్‌నని, నేను తీర్చని ఋణం మీద కేసు నమోదైందని, సాయంత్రం ఐదింటికి సమన్లు పట్టుకుని పోలీసులతో మా ఇంటికి వస్తున్నానని చెప్పాడు. "మీరు ఋణస్థులు. ఒప్పుకుంటారా?" అని అడిగాడు. ఇక్కడే నా భక్తి నన్ను ముంచింది. మనం ఋణస్థులమని ప్రతి ఆదివారం ప్రార్థనలో మోకాళ్ల మీద ఒప్పుకుని అలవాటైన నోరు కదా, నేను ఆలోచించే లోపే "అవునండీ" అనేసింది. అంత తేలిగ్గా ఒప్పుకుంటానని అతనూ అనుకోలేదేమో, ఒక్క క్షణం తడబడ్డాడు. తర్వాత గొంతు తగ్గించి, ఐదింటి లోపు సెటిల్‌మెంట్ కట్టేస్తే ఎవరూ రారని, ఇంట్లో వాళ్లకు గానీ పనిచేసే చోట గానీ చెబితే కేసు ఇంకా పెద్దదవుతుందని చెప్పాడు. అడిగిన మొత్తం విచిత్రంగా నా ఖాతాలో ఉన్నదానికి కాస్త తక్కువ. ఫోను కిస్తులన్నీ కట్టేశానని నాకు తెలుసు. కానీ ఆ గొంతు ముందు నాకు తెలిసినదేదీ నిలబడలేదు.

కడుపునొప్పి అని మా యూనిట్ సేటుకు చెప్పి (ఆ సమయానికి అది అబద్ధం కాదు) మధ్యాహ్నం రైలెక్కాను. రైల్లోనే కట్టేద్దామని వాడు పంపిన లింకు మీద నొక్కాను. 'సర్వర్ అందుబాటులో లేదు' అని వచ్చింది. అందుబాటులో ఎందుకుంటాడు, మా ఇంటికి బయల్దేరి ఉంటాడు అనుకున్నాను. నవ్వకండి. బ్యాంకు సర్వర్ వేరు, కోర్టు సర్వర్ వేరు అని ధారూర్ స్టేషన్ దాటాక గానీ నాకు తట్టలేదు. తట్టాక మళ్లీ నొక్కాను, మళ్లీ అదే మాట. ఈలోగా ఫోనులో చార్జింగ్ అయిపోయింది.

ఇంటికొచ్చి ఫోను చార్జింగ్‌కు పెట్టి, ముఖం కడుక్కుని ఆ డబ్బు పంపేద్దామని పెరట్లోకి పోయాను. రేపు బాపుకు ఏం చెప్పాలో తెలియక ముఖం మీద చాలాసేపు నీళ్లు కొట్టుకున్నాను. అక్కడ ఉండగానే ఫోను మోగింది. మా పెద్దమ్మ ఎత్తింది.

మా పెద్దమ్మ గురించి ఒక మాట చెప్పాలి. ఆమె మిషన్ బడిలో చదివిన మనిషి. మా చర్చి సంఘంలో ఆ తరం వాళ్లు ప్రసంగాన్ని ఇప్పటికీ సర్మన్ అనే అంటారు. ఎదుటివాళ్లు చెప్పేది సగం విని, మిగతా సగం తన విశ్వాసంతో పూరించుకోవడం ఆమె పద్ధతి. అవతలి వాడు సమన్లు ఇవ్వడానికి సర్వర్ వస్తున్నాడని, సాక్షులు ఉండాలని చెప్పాడట. ఆమెకు సమన్లు సర్మన్ అయింది. సర్వర్ అంటే సర్వీసు చేసేవాడు, అంటే సేవకుడు, దేవుని సేవకుడు. సాక్షులంటే సాక్ష్యం చెప్పేవాళ్లు, వాళ్లకు మా వాడలో కొదవ లేదు. నేను తువ్వాలుతో లోపలికి వచ్చేసరికి ఇంట్లో చాపలు పరిచి ఉన్నాయి, పొయ్యి మీద పెద్ద గిన్నెలో చాయ మరుగుతోంది, పక్కింటి వాళ్లు డోలక్‌తో సహా దిగారు, ఎదురింటి పెద్దాయన గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "నీ కోసమని పట్నం నుంచి సేవకుడు సర్మన్ ఇయ్యనీకి వస్తుండంట కొడుకా. గింత మంచి ముచ్చట నాకెందుకు చెప్పలే?" అంది పెద్దమ్మ.

చెప్పడానికి నోరు తెరిచాను. కానీ ఇంట్లో చెబితే కేసు పెద్దదవుతుందన్న మాట గుర్తొచ్చి మూసుకున్నాను. తెరిచి మూసే ఆ పనిలో ఉండగానే మళ్లీ ఫోను వచ్చింది. నేను అందుకునే లోపే పెద్దమ్మ అందుకుంది. సంఘమంతా వినాలని స్పీకర్ పెట్టింది. అందరూ ఒక్క గొంతుతో వందనాలు అయ్యగారూ అన్నారు.

"ఎందాక వచ్చిన్రయ్యా?" అని పెద్దమ్మ అడిగింది.

అతను గొంతు సవరించుకుని, వస్తే పరువు పోతుంది, చుట్టుపక్కల వాళ్లంతా చూస్తారు అన్నాడు. "అందరు ఇక్కడనే ఉన్నరయ్యా, మీ కోసమే చూస్తున్నరు," అంది. పోలీసులు కూడా వస్తారన్నాడు. వాళ్లకూ వాక్యం అవసరమే, తీసుకురమ్మంది. చివరికి అతను విసిగిపోయి, ఇదంతా వద్దు, ముందు డబ్బు పంపండి, సగం పంపినా చాలు అన్నాడు. డబ్బు అనే మాట మాత్రం ఆమెకు పూర్తిగా వినిపించింది. ఆమె ముఖం గంభీరమైంది. నలభై ఏళ్లుగా చర్చిలో కానుక సంచి మోసిన మనిషి.

"అట్ల కుదరదయ్యా. మా సంఘంల ముందుగాల కానుక ఇయ్యం. సర్మన్ అయినంకనే సంచి తిరుగుతది. మీరు రండ్రి, నిలబడి చెప్పుండ్రి. చెప్పినంక ఎంతొస్తే అంత మీదే."

"మేడమ్, పావు వంతు పంపండి. మేము అసలు రాము."

"రానని అనకయ్యా. చాయ పెట్టిన," అని పెద్దమ్మ బతిమాలింది. ఫోను పెట్టేశాడు. ఆమె తిరిగి చేసింది. ఎత్తలేదు. మళ్లీ చేసింది. ఆ నంబరు స్విచాఫ్ అయింది.

తువ్వాలు భుజాన వేసుకుని నిలబడ్డ నాకు అప్పుడు వెలిగింది. పొద్దున్నుంచి వస్తాం వస్తాం అని నన్ను చంపుకుతిన్నవాడు, రమ్మంటే రానంటున్నాడు. పైగా రాకుండా ఉండటానికే డబ్బు అడుగుతున్నాడు, ధర కూడా తగ్గిస్తున్నాడు. కోర్టు కాగితం అలా బేరమాడుతుందా? నాకు నవ్వొచ్చింది. ఆ నవ్వు చూసి పెద్దమ్మ, ఆయన రాకపోతే ఏం, సండే స్కూలు చెప్పేటోనివి నువ్వే నిలబడు అంది.

నా జీవితంలో మొదటి సర్మన్ అలా వచ్చింది. ఒక్క వాక్యం గుర్తు రాలేదు. అందుకని జరిగింది జరిగినట్టు చెప్పేశాను: ఆ గొంతు, నా అవునండీ, బాపు మోటరు డబ్బు, రైల్లో సర్వర్ సంగతి. అందరూ పడిపడి నవ్వారు. నవ్వు తగ్గాక గోడకు ఆనుకున్న పెద్దాయన నేల చూస్తూ మెల్లగా అన్నాడు. "నాకు గూడ చేసిండ్రు. నేను కట్టిన. ఇంట్ల చెప్పలే."

పెద్దమ్మ లేచి ఆయన చేతికి చాయ గ్లాసు ఇచ్చి పక్కన కూర్చుంది. ఇంకో ఇద్దరు, తమకూ అలాంటి ఫోన్లు వచ్చాయని ఒప్పుకున్నారు. ఆ సాయంత్రం నేనే ఆ పెద్దాయనతో సైబర్ మోసాల నంబరుకు ఫిర్యాదు చేయించాను. పోయిన డబ్బు తిరిగి రాలేదు గానీ ఆ రాత్రి ఇంట్లో చెప్పగలిగాడట. మరునాడు డబ్బు పట్టుకెళ్లి ఇస్తే సాయంత్రానికి మా ఊళ్లో మోటరు బిగించారు. మడిలోకి నీళ్లు వస్తుంటే మా బాపు నన్ను చూసి, అంత చిక్కిపోయావేంటని అడిగాడు. సోమవారం సేటుకు చెబితే ఆయన నన్ను జాలిగా చూశాడు. "నాకు అసలైన సమన్లు మస్తుసార్లు వచ్చినయిరా. ఎవ్వడు ముందుగాల ఫోన్ చెయ్యలే. చేస్తే నేను ఇంట్ల ఉంటనా?" అన్నాడు.

ఆ తర్వాత చాలా చోట్ల ప్రసంగాలు చెప్పాను. రాత్రంతా కూర్చుని సిద్ధం చేసుకున్నవి, వాక్యం మీద వాక్యం పేర్చినవి. అందరూ మర్యాదగా వింటారు, కొందరు మర్యాదగా కునుకుతారు. తువ్వాలు భుజాన వేసుకుని, తన తెలివితక్కువతనాన్ని అందరి ముందూ పరిచిన ఆ కుర్రాడి సర్మన్‌లో మాత్రం ఎవరూ కునుకు తీయలేదు. ఇప్పటి నాకు అంత బాగా చెప్పడం రాదు. వాడే నాకన్నా మంచి ప్రసంగీకుడు అనుకుని, బోధకుల బల్ల వెనక నిలబడి నాలో నేనే నవ్వుకుంటూ కాగితాలు సర్దుకుంటాను.